కమ్యూనిటీ ఫౌండేషన్లలో ధర్మనిధులు

కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఒక ఊరి లేదా ప్రాంతపు అవసరాల కోసం అనేకమంది దాతలిచ్చిన సొమ్మును విడివిడిగా లెక్క రాస్తూ, కలిపి మదుపుపెట్టి, రాబడిని సేవాసంస్థలకు పంచే ధర్మసంస్థ. దాత పెట్టిన నిధి ఏ రకమైనదో తేల్చేది ప్రధానంగా ఒక్క ప్రశ్నే: సొమ్ము చేయిదాటాక దాత మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర బ్యాంకరు ఫ్రెడరిక్ గాఫ్. కాలం చెల్లిన వీలునామాలు అతణ్ణి ఆలోచనలో పడేశాయి. సెయింట్ లూయిస్ మేయరుగా పనిచేసిన బ్రయాన్ ములన్ఫీ 1851లో చనిపోతూ, పడమటి ప్రాంతాల్లో స్థిరపడటానికి తన ఊరి మీదుగా వెళ్లే వలసదారుల కోసం ఆస్తిలో మూడోవంతు రాసిపెట్టాడు. రైళ్లు వచ్చి ఆ తరహా ప్రయాణాలు తగ్గిపోయాయి; డబ్బు మాత్రం మిగిలింది. ఇలాంటి చిక్కు రాకుండా గాఫ్ 1914లో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ నెలకొల్పాడు. మూలధనాన్ని బ్యాంకు చూసుకుంటుంది, పంపకాన్ని అయిదుగురు పౌరుల సంఘం నిర్ణయిస్తుంది. దాత చెప్పిన ప్రయోజనం నిరర్థకమైతే దాన్ని మార్చే అధికారం కూడా సంస్థకు ఉంటుంది. ఈ ఏర్పాటులో అసలు కీలకం ఈ అధికారమే.

గాఫ్ కోరుకున్నది షరతుల్లేని నిధి: ఏ కాలానికి ఏది అవసరమో ఆ కాలపువాళ్లే తేల్చుకుంటారు. అయితే విరాళాలు ఎక్కువగా వీలునామాల రూపంలో ఉండటంతో తొలి ఏళ్లలో పంచడానికి డబ్బు పెద్దగా లేదు. ఆ సమయంలో ఫౌండేషన్ నగర పాఠశాలలపైనా, నేరన్యాయ వ్యవస్థపైనా సర్వేలు చేయించింది. 1922 నాటి న్యాయ సర్వేకు న్యాయ నిపుణులు రాస్కో పౌండ్, ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ సారథ్యం వహించారు. 1915లోనే షికాగో, బోస్టన్ ఇదే బాట పట్టాయి. 1921లో బ్యాంకరు విలియం అలోవే లక్ష డాలర్లతో కెనడాలో విన్నిపెగ్ ఫౌండేషన్ ప్రారంభించాడు. 1924లో పేరు చెప్పని ఒక స్త్రీ అయిదు డాలర్ల బంగారు నాణేలు మూడింటిని కవరులో పెట్టి ఆ ఫౌండేషన్‌కు ఇచ్చింది. ఆ సంస్థ తన చరిత్రలో అలోవే లక్షతో సమానంగా ఈ పదిహేను డాలర్లనూ చెప్పుకుంటుంది.

షరతుల్లేకుండా ఇవ్వడానికి అందరికీ మనసొప్పదు. అందుకే విద్య, వైద్యం, కళలు వంటి ఒక రంగానికి పరిమితమైన నిధులు వచ్చాయి. ఫలానా ఆసుపత్రికి, ఫలానా గ్రంథాలయానికి అని పేరుపెట్టి రాసేవి మరో రకం. దాతల పేరిట బంగారు పతకాలు, ధర్మనిధి ఉపన్యాసాలు ఎరిగిన తెలుగువారికి వీటి స్వభావం సులభంగా అర్థమవుతుంది. విద్యార్థి వేతన నిధులు ఇంకో రకం; అలాంటి నిధిని పెట్టిన కుటుంబానికి ఎంపిక సంఘంపై ఆధిపత్యం ఉండకూడదు. సేవాసంస్థలు తమ సొంత మూలధనాన్నే ఫౌండేషన్‌లో ఉంచి, ఏటా రాబడి తీసుకునే నిధులూ ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ వాదం రేపినది దాత సలహా నిధి. దీనికి తొలి ఉదాహరణగా 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్టులో బార్‌స్టో దంపతులు పెట్టిన నిధిని చెబుతారు. సొమ్ము చట్టప్రకారం ఫౌండేషన్‌దే. ఎవరికివ్వాలో దాత సూచిస్తాడు, సంస్థ సాధారణంగా కాదనదు. 1969 పన్ను చట్టం కుటుంబాల ప్రైవేటు ఫౌండేషన్లపై ఆంక్షలు పెంచడంతో ఈ మార్గం ఆకర్షణీయమైంది. 1991లో మదుపు సంస్థ ఫిడెలిటీ ఇదే పనికి ప్రత్యేక ధర్మసంస్థను తెరిచాక, ఊరితో ముడి లేని దాత సలహా నిధులు వెల్లువెత్తాయి. 2006లో గానీ అమెరికా చట్టంలో వీటికి నిర్వచనం రాలేదు.

విమర్శకు కారణం సూటిగానే ఉంది. దాతకు పన్ను రాయితీ సొమ్ము ఇచ్చిన ఏడాదే దక్కుతుంది. ఆ సొమ్ము సేవాసంస్థకు ఎప్పుడు చేరాలన్న గడువు మాత్రం లేదు. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఆస్తిలో దాదాపు 5 శాతం ధర్మకార్యాలకు వెచ్చించాలి. దాత సలహా నిధికి అలాంటి నియమం లేకపోవడంతో పలు కమ్యూనిటీ ఫౌండేషన్లు తమంతట తామే కట్టుబాట్లు పెట్టుకున్నాయి. కొన్నేళ్లపాటు కదలిక లేని నిధి నుంచి సంస్థే గ్రాంట్లు ఇస్తుంది. సలహా హక్కు పిల్లలకు సంక్రమించినా, ఒకటి రెండు తరాలతో దాన్ని ముగించి, మిగిలినదాన్ని షరతుల్లేని నిధిలో కలిపేసే సంస్థలూ ఉన్నాయి.