పాటల పుస్తకం పది పైసలు

కూసో బిడ్డా. ఆ ఫోను జర పక్కకు వెట్టు. నడుమల లేచినవంటే మల్ల మొదటికెళ్లి మొదలువెడ్త, ఇగ నీ ఇష్టం.

మా దినాలల్ల సిన్మా కంటె ముందు పాటల పుస్తకం చేతికొచ్చేది. టాకీసు గేటు కాడ అమ్మేటోళ్లు. పల్చని కాయితం, పైన హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల కథ సగం రాసి, అసలు చిక్కుకాడికి రాంగనే ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అని ఆపేటోళ్లు. నేల టికెట్టు పావలా, పుస్తకం పది పైసలు. పావలా లేనోడు పది పైసలు వెట్టి పుస్తకం కొని, ఇంటికచ్చి సొంత రాగంల ఎత్తుకునేది. మా వాడకట్టుల ఒకాయినైతే ఏడుపు పాటను కోలాటం దరువుల పాడేది. ఊరంత ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, తీరా సిన్మా సూసొచ్చినంక గూడ ‘టాకీసోళ్లే తప్పు పాడుతున్నరు’ అనే వాదిచ్చిండు. ఎవ్వలం ఎదురు చెప్పలే. పది పైసలు ఆయనయి గదా!

ఆ పుస్తకంల ఒక మంచిగుణముండె. ఏ పాట ఎవలు రాసిండ్రో పేరు అచ్చేసేటోళ్లు. 1962ల ‘గులేబకావళి కథ’ పుస్తకం సూస్తే పాటలన్నిటికీ ఒక్కటే పేరు, సి.నారాయణరెడ్డి. మన వేములవాడ దిక్కు హనుమాజీపేటోడు. సిరిసిల్లల, కరీంనగర్‌ల ఉర్దూల సదువుకున్నోడు. ఎన్.టి.రామారావు సొంత సిన్మాకు అన్ని పాటలు ఒక్కడే రాసిండంటె మాకు నేల మీద కాలు నిలుస్తదా? తెలంగాణోళ్లకు తెలుగు రాదని ఎక్కిరిచ్చేటోళ్ల ముందట ఆ పుస్తకం ఇప్పి వెట్టేటోళ్లం. తర్వాత ఆయనకు జ్ఞానపీఠం గూడ అచ్చింది, 1988ది, ‘విశ్వంభర’కు. అది సదివినోళ్లు మా ఊర్ల ఎంతమందో నన్నడుగకు. పాటలు మాత్రం అందరికి నోటికే.

ఏడికో పోయిన, ఆగు. రాగం సంగతి చెప్పాలె గదా. అసలు రాగం మాకు పెండ్లిల్లల్ల తెలిసేది. మైకుసెట్టాయన బండి దిగుతనే పిల్లలమంతా ఎంట వడేది. కరెంటు లేని ఊరాయె, బ్యాటరీ తెచ్చుకునేది. సింతచెట్టుకు హారను కట్టి, రికార్డు ముట్టనియ్యకపోయేది. నల్లటి పెద్ద రికార్డు, పక్కకు మూడు నిమిషాలు. తిప్పెయ్యాలె, ముల్లు మార్చాలె. ఒకపారి పప్పన్నం పిలుపు రాంగనే మైకాయన లేచిపోయిండు. ముల్లు ఒక గీతల ఇరికింది. ఒక్క ముక్కనే మల్ల మల్ల, మల్ల మల్ల. ఊరవతల పొలంల దున్నేటోడు నాగలి ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, ఏమైందో ఏమోనని. పెండ్లికొడుకు మామ బతిమిలాడితే మైకాయన ‘మజ్జిగ తాగి వస్త’ అన్నడు, చెయ్యి గూడ ఎత్తలే.

ఇగ రేడియో అంటె షావుకారి ఇంట్లనే. దానికి ఏడాదికి పదిహేను రూపాయల లైసెన్సు పోస్టాఫీసుల కట్టాలె, తెలుసా? ‘లవకుశ’ పాటలొస్తున్నయంటె ఆయనింటి అరుగు నిండేది. లీల, సుశీల గొంతులకు అమ్మలక్కలు కొంగుతోని కండ్లు తుడుసుకునేది. షావుకారు అరుగు మీదికి రానిచ్చేది గని రేడియో గొంతు మాత్రం పెంచకపోయేది. బ్యాటరీ అయిపోతదని!

తర్వాత క్యాసెట్లచ్చినయి. కాయితం మీద పాటల లిస్టు రాసిస్తే దుకాణపోడు ఎక్కిచ్చేది. అరవై నిమిషాల క్యాసెట్ల ఆఖరి పాట ఎప్పుడు సగానికే తెగేది. గా సగం పాటనే ఏండ్లకేండ్లు ఇన్నం. పేర్లు మాత్రం గప్పటి సంది మర్సుడు వెట్టినం. లిస్టుల హీరో పేరుండె, రాసినాయన పేరు లేకపాయె.

మొన్న 2023ల మన సిరిసిల్ల ఎల్దండి వేణు ‘బలగం’ తీసిండు. ఊర్లల్ల తెర కట్టి మరీ ఆడిచ్చిండ్రు. నేను సుత కుర్సీ ఏసుకొని పోయిన. ఊరి పాట రాంగనే పోరలందరు ఎంట పాడవట్టిరి, ఒక్క ముక్క తప్పకుంట! ‘ఎవలు రాసిండ్రురా గిది?’ అన్న. ఒక్కడు చెప్పలే. కాసర్ల శ్యామ్ అని నేనే చెప్పిన. ఆ పాటకు జాతీయ అవార్డు గూడ అచ్చింది.

నవ్వుతున్నవేంది? నీ ఫోన్ల పాటలు ఎన్నున్నయో అడుగుతలేను. పది పాటలకు రాసినోళ్ల పేర్లు చెప్పు. సరే పో, అయిదే చెప్పు.