చెఱ విడిపించిన గానము

ఇటీవల నేనొక పాశ్చాత్య గానసభకుఁ బోయితిని. అందు హాండెల్ కృతియగు ‘మెస్సయ్య’ను ఆనాఁటి పద్ధతినే పాడిరి. ఫిడేళ్లకు గొఱ్ఱెప్రేగుల తంత్రులు. శ్రుతి నేఁటిదానికంటె అరస్వరము తగ్గు. గాయకులు ఇరువదిమందికి మించరు. కావున మాటమాటయు విశదముగా వినవచ్చెను.

ఈ కృతిని మొదట 1742 ఏప్రిల్ 13వ తేదీన డబ్లిన్ నగరమునఁ బాడిరి. చోటు చాలదని, స్త్రీలు వలయపు కట్టుగల పావడలను, పురుషులు కత్తులను విడిచి రావలెనని ప్రకటించిరి. ఇంచుమించు 700 మంది వచ్చిరి. వసూలైన సొమ్మును రెండు వైద్యశాలలకును, అప్పులపాలై చెఱఁబడినవారికిని బంచిరి. 142 మంది విడుదలైరి.

గానము వినుచున్నంతసేపును నా మనస్సు వారిమీఁదనే యుండెను. ఆనాఁటి సభకు వారు రాలేరు; చెఱలో నుండిరి. వినినవారు మఱచినను, విననివారు దానిని మఱచియుండరని నా తలంపు.