ధర్మాసుపత్రి నుండి అరోరా వరకు: పేద రోగులకు, వారి కుటుంబములకు తోడుగా ఒక సేవాసంస్థ

అరోరా అను పేరు గల పట్టణములు అమెరికాలో పలుచోట్ల కలవు. ఈ వ్యాసములో చెప్పబడునది ఇల్లినాయ్ రాష్ట్రములోని అరోరా. షికాగోకు పడమట సుమారు 40 మైళ్ళ దూరమున, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఈ నగరములో 2020 జనగణన ప్రకారము 1,80,000 మందికి పైగా నివసించుచున్నారు. బాలాజీ దేవాలయము ఇచ్చటనే ఉండుటచే చుట్టుపట్ల తెలుగువారికి ఇది బాగుగా తెలిసిన ఊరు. తెలుగువారనగానే అందరును కంప్యూటరు ఉద్యోగులు, వైద్యులు అని పలువురు తలంతురు. పెట్రోలు బంకులలోను, కిరాణా దుకాణములలోను, హోటళ్ళ వంటశాలలలోను పనిచేయుచు ఆరోగ్య బీమా లేక బ్రతుకువారు కూడ మనలో ఉన్నారు. అట్టివారు ఆసుపత్రి పాలైనపుడు వారికిని, వారి ఇంటివారికిని సహాయపడు సంస్థను ఎట్లు నెలకొల్పవలెనో తెలియగోరు వారి కొరకు ఈ వ్యాసము.

మన తాతముత్తాతల నోట "ధర్మాసుపత్రి" అను మాట ఉండెడిది. ధర్మ, ఆసుపత్రి అను రెండు పదములు సంధిచే కలిసినవి. మొదటిది సంస్కృతము, రెండవది ఐరోపా వారి మాట నుండి వచ్చి తెలుగైనది. డబ్బు పుచ్చుకొనక వైద్యము చేయు చోటు అని అర్థము. తోటలకు వలస వెళ్ళినవారిలో అనేకుల స్వస్థలమైన విశాఖపట్టణము ప్రాంతములో అట్టి ఆసుపత్రులలో పెద్దది 1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి. జనులు దానిని కె.జి.హెచ్. అందురు. శ్రీకాకుళము, విజయనగరము పల్లెల నుండి నేటికిని రోగులు అచ్చటికి వత్తురు. రోగి వెంట వచ్చు మనిషిని "అటెండెంటు" అని పిలుతురు. ఆ మనిషి వరండాలో గుడ్డ పరచుకొని పడుకొనును, బయటి నుండి అన్నము తెచ్చును, చీటీ పట్టుకొని మందుల కొట్టుకు పరుగెత్తును. చికిత్స ఉచితమైనను అటెండెంటు తిండి, దారి ఖర్చు, పోయిన కూలి ఉచితము కావు. పేదవాని జబ్బులో సగము భారము ఇదియే.

తోటలలో మనవారి స్థితి ఇంతకంటె కష్టముగా ఉండెను. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి నటాలు తీరము చేరినది మొదలు 1911 వరకు గిర్మిటు కూలీలు అచ్చటికి వచ్చుచుండిరి. వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే తోట విడిచిపోవుటకు వీలులేదు. జబ్బు చేసిన వానికి తన బాధను దొరకు చెప్పుటకు భాష లేదు. ఇట్టి కాలములో డర్బనులో సెయింట్ ఐడాన్స్ మిషనుకు పెద్దయైన డాక్టర్ బూత్ ఒక చిన్న ధర్మాసుపత్రిని నడపెను. పారసీ రుస్తుంజీ దాతృత్వము దానికి ఆధారము. గాంధీజీ ప్రతి ఉదయము కొంతసేపు అందులో సేవ చేసిరి. ఆయన పని చాల సామాన్యమైనది: రోగుల బాధలు అడిగి తెలిసికొనుట, వానిని వైద్యునికి విన్నవించుట, వ్రాసిన మందులు ఇచ్చుట. ఆ రోగులలో ఎక్కువమంది తమిళులు, తెలుగువారు, ఉత్తర హిందూస్థానపు గిర్మిటు కూలీలు అని తన ఆత్మకథలో ఆయనయే వ్రాసియున్నారు. తాను లేనపుడు కోర్టు పనులను ఖాన్ అను న్యాయవాది చూచుకొనెనని కూడ అందులో కలదు. తరువాతి కాలములో ఆర్.కె. ఖాన్ తన ఆస్తిని వైద్యసహాయమునకై ధర్మనిధిగా విడిచిరి. ఆ నిధి మూలముననే 1969లో చాట్స్‌వర్తులో ఆయన పేరిట ఆసుపత్రి తెరువబడినది. డర్బను చదువరులకు ఆ ఆసుపత్రిని గూర్చి నేను చెప్పనక్కరలేదు.

ఆ పాత కథను ఇచ్చట చెప్పుటకు కారణము కలదు. బూత్ ఆసుపత్రిలో కూలీకి మొదట దొరికినది డబ్బు కాదు. తన మాట విని, దానిని వైద్యునికి చేర్చు మనిషి. అరోరాలో మేము ఈ సంగతిని ఆలస్యముగా గ్రహించితిమి.

కొన్ని యేండ్ల క్రిందట మా దేవాలయమునకు వచ్చు ఒక కుటుంబములో తండ్రికి గుండెజబ్బు వచ్చినది. ఆయన పెట్రోలు బంకులో రాత్రి పని చేసెడివాడు, బీమా లేదు. భార్య తొమ్మిది రాత్రులు గదిలోని కుర్చీలోనే నిద్రించినది. పండ్రెండేండ్ల కుమారుడు బడి మానుకొని వైద్యుల మాటలను తల్లికి తెలుగులో చెప్పుచుండెను. తన తండ్రి బ్రతుకుట కష్టమను మాటను ఆ బాలుడు విని, తల్లికి చెప్పక, ఏదో వేరు మాట చెప్పెనని మాకు తరువాత తెలిసినది. తండ్రి బ్రతికెను. బిల్లు వచ్చినది. మేము నాలుగు ఆదివారములు హుండీ ప్రక్కన వేరు పెట్టె పెట్టి విరాళములు ప్రోగుచేసి కట్టితిమి. ఏడాది గడచిన పిమ్మట ఒక సామాజిక కార్యకర్త ఆ కాగితములు చూచి, దరఖాస్తు పెట్టియుండినచో దాదాపు మొత్తము రద్దయ్యెడిదని చెప్పినది. అప్పటికి గడువు దాటినది. దాతల ధనము అవసరము లేని చోట ఖర్చయినది. ఆ ఇల్లాలికి అద్దె కట్టుటకు మాత్రము మా వద్ద ఏమియు మిగులలేదు.

కావున ముందుగా చట్టము తెలియవలెను. 1986 నాటి సంయుక్త చట్టము ప్రకారము అత్యవసర విభాగమునకు వచ్చిన రోగిని డబ్బు లేదని పరీక్షింపక పంపివేయరాదు. ప్రాణాపాయమున్నచో స్థిమితపడువరకు చికిత్స చేయవలెను. 2010 నాటి ఆరోగ్య చట్టము ప్రకారము లాభాపేక్ష లేని ప్రతి ఆసుపత్రికిని ఆర్థిక సహాయ విధానము వ్రాతపూర్వకముగా ఉండవలెను. ఇంటికి పంపిన తరువాత వచ్చిన మొదటి బిల్లు తేదీ నుండి 240 దినముల వరకు సహాయమునకై దరఖాస్తు చేయవచ్చును. మొదటి 120 దినములలో బాకీ కొరకు కోర్టుకెక్కుట వంటి కఠిన చర్యలు కూడవు. ఇల్లినాయ్ రాష్ట్ర చట్టము మరియొక మేలు చేయుచున్నది. బీమా లేని రాష్ట్రవాసి కుటుంబ ఆదాయము దారిద్ర్యరేఖకు రెండు రెట్లకు మించనిచో, నగర ప్రాంతపు ఆసుపత్రులు అవసరమైన చికిత్సకు పూర్తి తగ్గింపు ఇయ్యవలెను. దీనికి గడువు ఇంకను తక్కువ, ఆలస్యము చేయరాదు. సందర్శకులుగా వచ్చిన తలిదండ్రులు రాష్ట్రవాసులు కారు గనుక వారికి ఈ రాష్ట్ర చట్టము వర్తింపదు. ఆసుపత్రి సొంత విధానమును అడిగి చూడవలెను. దుబాసీని, అనగా రెండు భాషల మధ్య మాట చేరవేయు వానిని, రోగికి ఉచితముగా ఏర్పాటు చేయుట ఆసుపత్రి బాధ్యత. అత్యవసరమున తప్ప పిల్లలచేత ఆ పని చేయింపరాదు.

ఇన్ని హక్కులున్నను మనవారు అడుగరు. సిగ్గు ఒక కారణము, వీసాకు హాని కలుగునేమోనను భయము మరియొకటి. నా అభిప్రాయములో బిల్లులు కట్టుటకని పుట్టిన చిన్న సంస్థ ఒక్క పెద్ద శస్త్రచికిత్సతో ఖాళీయగును. దరఖాస్తు నింపుట, దుబాసీని అడిగించుట, అటెండెంటుకు అన్నము, బస, బస్సు ఖర్చు, ఒక నెల అద్దె: ఈ పనులకు పుట్టిన సంస్థ నిలుచును. కుటుంబమునకు బస అనునది కొత్త ఆలోచన కాదు. జబ్బుపడిన పిల్లల తలిదండ్రులకై మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ గృహము 1974లో ఫిలడెల్ఫియాలో తెరువబడినది. మన సత్రములు అంతకంటె ప్రాచీనములు.

స్థాపన విధానము కష్టమైనది కాదు, ఓపిక వలయును. ఇల్లినాయ్‌లో కనీసము ముగ్గురు డైరెక్టర్లు ఉండవలెను. స్థాపన పత్రములను సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయములో 50 డాలర్ల రుసుముతో దాఖలు చేయుదురు. తరువాత పన్ను మినహాయింపుకై సంయుక్త పన్ను శాఖకు దరఖాస్తు. ఏటా 50,000 డాలర్లకు మించని రాబడి, 2,50,000 డాలర్లకు మించని ఆస్తి ఉండునట్టి సంస్థలకు సాధారణముగా చిన్న ఫారము చాలును; దాని రుసుము 275 డాలర్లు, పెద్ద ఫారమునకు 600. విరాళములు అడుగుటకు ముందు రాష్ట్ర అటార్నీ జనరల్ వద్ద కూడ నమోదు కావలెను. దేవాలయములు దరఖాస్తు లేకయే మినహాయింపు పొందును. వేరుగా పెట్టిన సేవాసంస్థకు ఆ సౌలభ్యము లేదని మా సంఘములో కొందరికి నచ్చజెప్పుటకు రెండు సమావేశములు పట్టినవి. ఏటేటా పన్ను శాఖకు ఇయ్యవలసిన నివేదిక చిన్న సంస్థలకు చాల చిన్నదే. అయినను వరుసగా మూడేండ్లు పంపనిచో మినహాయింపు దానంతట అదే రద్దగును. కోశాధికారి మారినపుడు ఇది మరువరాదు.

ధనము విషయములో ఒక నియమము మనవారికి వింతగా తోచును. ఫలానా రోగికే ఇమ్మని దాత షరతు పెట్టి ఇచ్చిన డబ్బుకు పన్ను మినహాయింపు రాదు. సంస్థ ఒక వర్గమునకు, అనగా పేద రోగులందరికి, పనిచేయవలెను. ఎవరికి ఎంత అనునది సంఘమే నిర్ణయింపవలెను. తెలుగువారికి మాత్రమే అను నిబంధనను మేము పెట్టుకొనలేదు. అరోరాలో స్పానిషు మాటలాడు కుటుంబములు అనేకము. వారి ఇల్లాండ్రు కూడ అవే కుర్చీలలో నిద్రింతురు. ఇచ్చిన ప్రతి సహాయమునకు పేరు, మొత్తము, కారణము, ఎంపిక చేసిన విధము, సంఘ సభ్యులతో చుట్టరికమున్నచో అదియు పుస్తకములో వ్రాయవలెను. చేతికి నగదు ఇచ్చుటకంటె ఇంటి యజమానికి, బస గృహమునకు నేరుగా చెల్లించుట మేలు. రోగి పేరును గుడిలో మైకులో చదువుట, ఫొటో పంచుకొనుట వలదు. మనవారి మధ్య వార్త వేగముగా ప్రాకును. ఆ భయముచేతనే కొందరు అసలు రారు.

చివరగా అన్నము సంగతి. రోగి ఆహారమును వైద్యులు నిర్ణయింతురు గనుక దానిలో తలదూర్చరాదు. మా పెట్టెలు అటెండెంటు కొరకు: పప్పన్నము, ఒక కూర, పెరుగు. ఆసుపత్రి నర్సుల బల్లవద్ద ముందుగా అడిగి, సాయంత్రము ఆరు గంటలకు క్రింది అంతస్తులోని వేచియుండు గదిలో ఇత్తురు. కారము తగ్గించుమని మొదటి వారమే చెప్పిరి.