జవాబు కోసం

మా కంప్యూటర్ క్లస్టర్ 2016 జూన్‌లో పోయింది, నోయిడా ఎండల్లో. అదే ఊళ్ళో సెక్టార్ 62లో వానల రాకను లెక్కగట్టే పెద్ద యంత్రాల ముందు మాది చిన్న ప్రాణం. అరవై నాలుగు నోడ్లు, ఊరికంతటికీ ఒకే చెరువులాగా అన్నిటికీ కలిపి ఒకే లస్టర్ ఫైల్ సిస్టమ్.

లస్టర్‌కు 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్రామ్ ప్రాణం పోశాడు. 2007లో అది సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి వచ్చింది. 2010లో సన్‌నే ఒరాకిల్ కొనేసి, ఆ ఏడాది చివర్లో లస్టర్ పని ఆపేసింది. దాన్ని రాసినవాళ్ళు బయటికొచ్చి బతికించుకున్నారు, కొత్త వెర్షన్లు తెచ్చారు. మేం మాత్రం పాత 1.8 వెర్షన్ దగ్గరే ఉండిపోయాం. దాని సర్వర్లకు ప్యాచ్ వేసిన పాత కెర్నలే కావాలి. మార్చాలంటే అందరి పనీ వారాలపాటు ఆపాలి. ఆ మాట అడిగే ధైర్యం మాకు లేకపోయింది. ఇప్పటికీ నన్ను బాధించేది అదే.

మార్చిలో టైమవుట్లు మొదలయ్యాయి. వంద సెకన్లు ఎదురుచూసినా జవాబు రాలేదని లాగ్ నిండా అవే వరసలు. గడువులోగా బదులివ్వని నోడ్‌ను సర్వర్ వెలివేస్తుంది. దాని మెమరీలో ఉండి, ఇంకా డిస్కుకు చేరని రాతలు అంతటితో పోతాయి. ఒక రాత్రి మెటాడేటా సర్వర్‌లో కెర్నల్ పానిక్ వచ్చింది. రీబూట్ అయ్యాక అది వెంటనే పనిలోకి దిగదు. పడిపోకముందు తనతో ఉన్న నోడ్లన్నీ తిరిగి రావాలని కాచుకుంటుంది, వచ్చినవాటి సగంలో ఆగిన పనులు మళ్ళీ చేయించుకుంటుంది. రానివాటిని గడువు తీరాకే వదులుకుంటుంది. ఆ రాత్రి అరవై ఒకటి వచ్చాయి.

తప్పు వాడేవాళ్ళదే అనుకున్నాం. ఒకే డైరెక్టరీలో లక్షల చిన్న ఫైళ్ళు పోస్తే సర్వర్ కుంగడం నిజమే కాబట్టి, ఆ మాట అందరూ నమ్మారు. క్లస్టర్ వాడే విద్యార్థుల్ని పిలిచి మందలించాం. గడువును వంద నుంచి మూడు వందల సెకన్లకు పెంచాం. లాగ్ శాంతించింది, మేమూ శాంతించాం. అసలు సంగతి వేరు. ఒక స్టోరేజీ పెట్టెలో డిస్కులు చదవలేని సెక్టార్ల మీద మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నాయి. సర్వర్ త్రెడ్లు వాటి కోసం ఆగిపోతున్నాయి, ఆ త్రెడ్ల కోసం నోడ్లు ఆగిపోతున్నాయి. టైమవుట్ ఒక్కటే ఆ సంగతి మాకు చెబుతూ వచ్చింది. దాని నోరే నొక్కాం.

జూన్‌లో ఒక డిస్కు పోయింది. రీబిల్డ్ సాగుతుండగా రెండోది. రెయిడ్-6 రెండు పోయినా నిలబడుతుంది. తెల్లవారుజామున మూడోది పోయింది.

ఆ పొద్దున లాగిన్ నోడ్ మీద లోడ్ ఏడు వందలు దాటింది. ప్రాసెసర్లు మాత్రం ఖాళీ. ఒక్క ప్రాసెస్ కూడా పని చేయడం లేదు, అన్నీ జవాబు కోసం చూస్తున్నాయి. డీ స్టేట్ అంటాం దాన్ని. కిల్ మైనస్ నైన్ కొట్టినా అవి చావవు.

వరంగల్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అన్నా, సర్వర్ పోయినా నా ఫైళ్ళు ఉంటాయి కదా?"

ఆ ఫైళ్ళుండే స్క్రాచ్ జాగాకు బ్యాకప్ లేదని మొదటి రోజే అందరికీ మెయిల్ పెట్టాం. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. "చూస్తున్నాం తల్లీ" అన్నాను. అప్పటికి చూడడానికి ఏమీ మిగల్లేదు.

ఆగస్టులో ర్యాకులు విప్పడానికి వెళ్ళాం. మూలన ఒక నోడ్ ఇంకా వెలుగుతోంది, దాన్ని ఆపడం అందరం మరిచిపోయాం. మానిటర్ తగిలించి చూశాను. సర్వర్‌తో సంబంధం తెగిందని, అది కోలుకునేదాకా పనులు ఆగి ఉంటాయని చెప్పే లస్టర్ వరస తెర మీద ఉంది. దాని కింద, మళ్ళీ కలవడానికి చేసిన ప్రయత్నాలు ఒకదాని వెనక ఒకటి. పీఎస్ కమాండ్ కొట్టి చూస్తే డీ స్టేట్‌లో ఆ అమ్మాయి ప్రోగ్రామే ఉంది, జూన్ తేదీతో. షట్‌డౌన్ ఇచ్చినా కదల్లేదు. ప్లగ్ నేనే పీకాను.