సాసానియన్ సామ్రాజ్యము

సాసానియన్ సామ్రాజ్యము ఇస్లాముకు పూర్వము పర్షియాను (నేటి ఇరాన్) పాలించిన చివరి సామ్రాజ్యము. క్రీ.శ. 224 నుండి 651 వరకు, అనగా నాలుగు శతాబ్దములకు పైగా, ఇది రోమను సామ్రాజ్యమునకు తూర్పున సమఉజ్జీగా నిలిచినది. టైగ్రిస్ నదీతీరమున, నేటి బాగ్దాదుకు సమీపములోనున్న టెసిఫాన్ దీని రాజధాని.

స్థాపన

నైరుతి పర్షియాలోని పార్స్ ప్రాంతమును ఏలుచున్న అర్దషీరు, తన సార్వభౌముడైన పార్థియన్ చక్రవర్తి నాలుగవ అర్తబానును 224లో హొర్మొజ్దగాన్ యుద్ధమున సంహరించి స్వతంత్ర రాజ్యమును స్థాపించెను. పూర్వీకుడైన సాసాను పేరు మీదుగా వంశమునకు ఆ పేరు వచ్చినది.

అర్దషీరు కుమారుడు మొదటి షాపూరు 260లో ఎడెస్సా వద్ద రోమను చక్రవర్తి వలేరియనును సజీవముగా బంధించెను. అంతకు ముందు ఏ రోమను చక్రవర్తియు శత్రువులకు బందీగా చిక్కి ఉండలేదు. నక్ష్-ఇ-రుస్తం వద్ద షాపూరు మూడు భాషలలో చెక్కించిన శాసనము ఈ విజయములను వర్ణించుచున్నది. అయితే దీనిని రోమను రచనలతో పోల్చి చదువవలెను. ఉదాహరణకు, గోర్డియను చక్రవర్తి 244లో యుద్ధములో మరణించెనని శాసనము చెప్పుచుండగా, స్వపక్షీయుల కుట్ర వలన మరణించెనని పలువురు రోమను రచయితలు వ్రాసిరి.

మతము

జొరాస్ట్రియన్ మతమునకు రాజాదరణ ఉండెను. క్రొత్త మతమును ప్రచారము చేసిన మాని, మొదటి బహ్రాము కాలమున చెరసాలలో మరణించెను. రోముతో యుద్ధములు జరిగిన రెండవ షాపూరు కాలమున (309-379) క్రైస్తవులు హింసకు గురియైరి. కాని 410లో మొదటి యజ్దెగెర్దు అనుమతితో రాజధానియందే క్రైస్తవ మతాధిపతుల సభ జరిగినది. కావున అసహనము ఎల్లకాలము ఒకే తీరున లేదని గ్రహింపవలెను.

ఖుస్రో అనూషిర్వాన్

మొదటి ఖుస్రో (531-579) పాలన ఉచ్ఛదశగా పరిగణింపబడుచున్నది. పూర్వము ప్రభుత్వము పంటలో వాటాను తీసుకొనెడిది. ఖుస్రో భూమిని కొలిపించి, విస్తీర్ణమును, పైరును బట్టి స్థిరమైన శిస్తును విధించెను. ఈతని ఆస్థాన వైద్యుడు బుర్జోయె భారతదేశము నుండి పంచతంత్రమును తెచ్చి పహ్లవి భాషలోనికి అనువదించెను. ఆ పహ్లవి ప్రతి నేడు లభ్యము కాదు. దాని అరబ్బీ అనువాదమైన కలీలా వ దిమ్నా ద్వారానే ఆ కథలు ఐరోపాకు చేరినవి.

పతనము

సామ్రాజ్యమును అరబ్బులు కూల్చిరని చెప్పుట వాడుక. అది నిజమే గాని, వారు వచ్చునప్పటికే పునాదులు కదిలియుండెను. రెండవ ఖుస్రో (590-628) బైజాంటైన్ సామ్రాజ్యముపై 602లో మొదలైన యుద్ధములో 614లో జెరూసలేమును, పిదప ఈజిప్టును జయించెను. 626లో అతని సేన కాన్‌స్టాంటినోపులు ఎదుటి తీరమునకు చేరినను, జలసంధిని దాటలేకపోయినది. హెరాక్లియస్ చక్రవర్తి ఎదురుదాడి చేసి 627 డిసెంబరులో నినెవే వద్ద పర్షియన్లను ఓడించెను. మరుసటి సంవత్సరమే ఖుస్రోను పదవీచ్యుతుని చేసి చంపిరి. సింహాసనమెక్కిన కుమారుడు రెండవ కవాదు తన సోదరులందరిని వధింపజేసి, కొన్ని నెలలకే తానును మరణించెను. ఇట్లు రాజవంశములో యోగ్యులైన పురుషులు దాదాపు లేకుండపోయిరి. తరువాతి నాలుగేండ్లలో పలువురు గద్దెనెక్కిరి. వారిలో ఖుస్రో కుమార్తె బోరాన్ ఒకతె. యుద్ధవ్యయము, మహమ్మారి, సేనానుల కలహములు దేశమును మరింత క్షీణింపజేసినవి.

632లో బాలుడైన మూడవ యజ్దెగెర్దు రాజయ్యెను. అరబ్బు సేనలు కాదిసియ్యా యుద్ధములో గెలిచి టెసిఫానును ఆక్రమించినవి. 642లో నహావంద్ వద్ద పర్షియన్ల చివరి పెద్దసేన ఓడినది. తూర్పునకు పారిపోయిన యజ్దెగెర్దు 651లో మెర్వ్ సమీపమున హత్యకు గురయ్యెను. ఒక తిరుగలివాడు చంపెనని పలు కథనములు చెప్పుచున్నవి. అతని కుమారుడు పేరోజు చైనాలోని టాంగ్ చక్రవర్తుల ఆశ్రయము పొందెను.

టెసిఫానులో రాజసభా మంటపపు ఇటుకల కమాను, తాక్-ఇ-కిస్రా, శిథిలావస్థలో నేటికిని నిలిచియున్నది. పర్షియా నుండి గుజరాతుకు వలస వచ్చిన జొరాస్ట్రియనుల సంతతివారైన పార్సీలు, యజ్దెగెర్దు పట్టాభిషేక సంవత్సరమైన 632 నుండియే తమ శకమును లెక్కించుచున్నారు.