చేతిపంపు దగ్గర ఆగిపోయే కథ

ఎన్నూరులో మా వీధి పిల్లలకు ఆదివారాలు తెలుగు పుస్తకాలు చదివి వినిపించడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. లారీల కర్మాగారంలోనూ, 2017లో మూతపడేదాకా థర్మల్ విద్యుత్ కేంద్రంలోనూ పనిచేసినవాళ్ళ ఇళ్ళలోని పిల్లలు వీళ్ళు. మాట తెలుగే, అక్షరం మాత్రం తమిళం. 2006 చట్టం వచ్చాక బళ్ళో తెలుగుకు చోటు మరీ ఇరుకైంది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునే కథలు రెండు: ఒకటి హెలెన్ కెల్లర్‌ది, రెండోది లూయీ బ్రెయిల్‌ది.

ఆ చిన్న పుస్తకాలతో నాకొక పేచీ ఉంది. పందొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి చూపూ వినికిడీ పోగొట్టుకున్న పిల్ల, 1887లో ఆన్ సలివాన్ అనే పంతులమ్మ రాగానే చేతిపంపు నీళ్ళ కింద మాట నేర్చుకుంటుంది. కథ అక్కడికి సరి. ఆ పంతులమ్మ ఎక్కడినుంచి వచ్చిందో, ఆమెకా విద్య ఎవరు నేర్పారో చెప్పరు. బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో హోవ్ అనే వైద్యుడు 1837లోనే లారా బ్రిడ్జిమన్ అనే చూపూ వినికిడీ లేని బాలికకు భాష నేర్పడం మొదలుపెట్టాడు. 1842లో అక్కడికి వెళ్ళిన డికెన్స్ ఆమె గురించి రాశాడు. దాన్ని చదివిన హెలెన్ తల్లికి ఆశ పుట్టింది. తండ్రి పిల్లను గ్రాహంబెల్ దగ్గరికి తీసుకువెళితే ఆయన పెర్కిన్స్ బడికి దారి చూపాడు. సలివాన్ బీదల ఆశ్రమంలో పెరిగిన మనిషి, ఆమెకూ చూపు అంతంతమాత్రమే. వేళ్ళతో అక్షరాలు చెప్పే విద్య ఆమెకు లారా బ్రిడ్జిమన్ దగ్గరే పట్టుబడింది. అంటే ఆ పంపు దగ్గర జరిగినదానికి వెనక యాభై ఏళ్ళ బడి ఉంది.

పంపు తరవాత ఆవిడ ఎనభై ఏళ్ళకు పైగా బ్రతికింది. 1904లో పట్టా పుచ్చుకుంది, 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది, 1955లో మన దేశానికీ వచ్చింది. పిల్లల పుస్తకాలకు ఇవి పట్టవు. బ్రెయిల్ కథలోనూ ఇంతే. జీను కుట్టే కొట్లో ఆరె గుచ్చుకుని కన్ను పోవడం విస్తారంగా ఉంటుంది. 1829లో అచ్చువేసిన ఆ లిపిని ఆయన చదివి, చెప్పిన బడే 1854 దాకా, అంటే ఆయన పోయిన రెండేళ్ళ దాకా, అధికారికంగా ఒప్పుకోలేదన్న సంగతి ఉండదు.

ఇలాంటి కథ మనకూ ఒకటుంది. విజయనగరం సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయి పుట్టు గుడ్డి, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడి కోసమే మహారాజా విజయరామ గజపతి గారు 1919లో గాన పాఠశాల పెట్టించారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. చూపు మందమై బడి మానవలసివచ్చి, అన్నగారి దగ్గర ఫిడేలు పట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, విద్యార్థిగా చేరదామని వెళితే ఆచార్యులుగా తీసుకున్నారంటారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఘంటసాల, సుశీల గార్లు చదివి మద్రాసుకు వచ్చింది ఆ బడినుంచే. చూపులేని ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది నడిచి వచ్చారో! ఈ కథను పిల్లల పుస్తకంగా నేనింతవరకు చూడలేదు. రాయగలిగినవారు రాయాలి.

ఇక మనబోటి తెలుగువాళ్ళకు దగ్గరి సంగతి ఒకటి. మన దేశంలో భాషకొక తీరుగా ఉన్న చుక్కల రాతలను 1951లో ఒక దారికి తెచ్చారు. దాన్ని భారతి బ్రెయిల్ అంటారు. అందులో తెలుగు ‘క’కూ తమిళ ‘క’కూ ఒకటే గుర్తు: ఎడమ వరసలో పై చుక్క, కింది చుక్క. అచ్చులూ రెంటికీ ఒకటే, ఎ, ఏ, ఒ, ఓలతో సహా. గుణింతాల మెలికలు లేవు, ‘కా’ అంటే ‘క’ తరవాత ‘ఆ’. ఒత్తు కావాలంటే ముందొక చుక్క పెట్టి హల్లు పక్కన హల్లు. కాబట్టి పూనమల్లి ప్రభుత్వ అంధుల పాఠశాలలోనో, నగరంలోని లిటిల్ ఫ్లవర్ కాన్వెంటులోనో తమిళ బ్రెయిల్ నేర్చుకున్న తెలుగింటి బిడ్డకు తెలుగు లిపి ముప్పాతిక వంతు వచ్చినట్టే. కొత్తగా నేర్వవలసినవి ముఖ్యంగా ఖ, గ, ఘ వంటి తమిళంలో లేని అక్షరాలు. కళ్ళున్న మా వీధి పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, తమిళ ‘క’ను చూసి తెలుగు ‘క’ను పోల్చుకోలేరు.

మన సంఘాలు ఏటా ఉగాదికి బాలశిక్షలు పంచుతాయి. ఈసారి వాటితోపాటు ఆ కొత్త అక్షరాల బ్రెయిల్ పట్టీ ఒకటి, చుక్కల్లో తెలుగు కథల పుస్తకం ఒకటి తెప్పించి ఆ రెండు బళ్ళకూ పంపితే, అక్కడ తెలుగింటి పిల్లలు ఎందరున్నారో కూడా మనకు తెలిసివస్తుంది.