యాప్ అంగడి వాకిట సంస్థ నామము

చిట్టి నిధుల సంస్థ మొదలుకొని నగల దుకాణము వరకును, పట్టణపు ఆసుపత్రి మొదలుకొని పోటీ పరీక్షల శిక్షణాలయము వరకును, తన పేరును తన చిహ్నమును ధరించిన యాప్ ఒకటి ఖాతాదారుల ఫోనులో నుండవలెనని కోరని వ్యాపారసంస్థ నేడు మన పట్టణములలో అరుదు. ఆ యాప్ స్టోరునకు చేరుటకు ముందు రెండు వేర్వేరు పరీక్షలను దాటవలసియున్నది: వస్తువు చక్కగా పనిచేయుచున్నదా అనునది మొదటిది, ఈ వస్తువు నాదని చెప్పుకొనువాడు నిజముగా ఆ పేరునకు హక్కుదారుడేనా అనునది రెండవది. మొదటి పరీక్షను ఇంజనీర్లు కల్పించిరి. రెండవదాని మూలములు కంప్యూటరు పుట్టుటకు నూరేండ్ల పూర్వపు వర్తకలోకమున గలవు. ఈ వృత్తిచరిత్రలో రెండవదే ఎక్కువ బరువైనదనియు, దానిని గూర్చియే తక్కువగా వ్రాయబడినదనియు నా యభిప్రాయము.

స్టోర్లు వెలయుటకు ముందు ఫోనులోనికి ప్రోగ్రామును పంపు త్రోవ టెలిఫోను కంపెనీల యధీనమున నుండెను. 1999 ఫిబ్రవరిలో జపాను దేశమున ఎన్.టి.టి. డొకొమో ప్రారంభించిన ఐ-మోడ్ సేవలో, ఆ సంస్థ అంగీకరించిన వర్తకులకే ప్రధాన పట్టికలో స్థానము లభించుచుండెను. వారి బాకీలను తన ఫోను బిల్లుతోపాటు రాబట్టియిచ్చినందులకు అది తీసికొనిన రుసుము నూటికి 9 వంతులు. 2001లో అమెరికాకు చెందిన క్వాల్‌కామ్ బ్రూ అను విధానమును వెలువరించి, పరీక్షలో నెగ్గిన ప్రోగ్రాములనే టెలిఫోను కంపెనీల ముందుంచుచు వచ్చెను. 2004లో, నోకియా మున్నగు ఫోనులకు ఆధారమైన సింబియన్ వ్యవస్థకు సింబియన్ సైన్డ్ అను ముద్రావిధానము ఏర్పడెను.

ఈ సింబియన్ పరీక్షను కొంత దగ్గరగా చూడదగును. ప్రోగ్రామును పంపదలచిన సంస్థ మొదట వెరిసైన్ అను ధ్రువీకరణ సంస్థ వద్ద తన ఉనికిని రుజువుపరచుకొని, ప్రచురణకర్తగా ధ్రువపత్రమును వెలయిచ్చి పొంది, దానితో తన ప్రోగ్రామునకు సంతకము చేసి పరీక్షాగృహమునకు పంపవలెను. అచ్చటి పరీక్షకుడు ఫోనులో మెమొరీ నిండియున్నవేళ దానిని తెరచి చూచును. అది నడుచుచుండగా వేరొక ఫోనునుండి కాల్ వచ్చునట్లు చేసి, సంభాషణకు భంగము కలుగుచున్నదేమో గమనించును. తొలగించిన పిమ్మట దాని ఫైళ్ళేవైనను మిగిలిపోయినవేమో వెదకును. ఇవన్నియు నెగ్గిన పిదపనే సంస్థ సంతకమునకు బదులు సింబియన్ సంతకము పడును. ఆ సంతకము లేని ప్రోగ్రామును ఎక్కింపబోయినచో ఫోను సర్టిఫికెట్ ఎర్రర్ అని చెప్పి ఊరకుండెడిది. ఆనాటి నోకియా ఫోనులు వాడిన మన తరము వారిలో ఆ రెండు మాటలు చూడనివారు తక్కువ. విధానము కట్టుదిట్టమైనదే గాని, ప్రతి క్రొత్త కూర్పునకును మరల రుసుము చెల్లింపవలసియుండుటచే చిన్నసంస్థలు దాని దరిచేరలేకుండెను.

2007 జూన్ 29న ఐఫోన్ అమ్మకమునకు వచ్చినప్పుడు అందు బయటివారి ప్రోగ్రాములకు చోటు లేకుండెను. అదే సంవత్సరము అక్టోబరు 17న ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తన పట్టును సడలించి, బయటివారికి సాధనసామగ్రి నిచ్చెదమని ప్రకటించెను. 2008 జులై 10న 500 యాప్‌లతో యాప్ స్టోరు తెరువబడెను. డెవలపరు ఏటేట చెల్లింపవలసినది 99 డాలర్లు. అమ్మకపు రాబడిలో స్టోరు వంతు ఆనాడు నూటికి 30. మొదటి వారాంతముననే కోటి డౌన్‌లోడ్లు జరిగెను. సింబియన్ కాలపు ఖర్చులతో పోల్చినచో ఈ ద్వారము చాల విశాలమైనదే; కాని ద్వారపాలకుడు ఏ శాసనము ననుసరించి లోనికి రానిచ్చుచున్నాడో, ఏ కారణముచే త్రోసిపుచ్చుచున్నాడో మొదటి రెండేండ్లు వెలుపలివారికి తెలియకుండెను.

ఆ తెర కొంచెము తొలగినది 2009లో. గూగుల్ వాయిస్ యాప్ స్టోరులో చేరకపోవుటను గూర్చి అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంఘము ప్రశ్నింపగా, ఆగస్టు 21న ఆపిల్ ఇచ్చిన సమాధానమున కొన్ని లెక్కలు బయటపడెను: శిక్షణ పొందిన పూర్ణకాలిక పరీక్షకులు 40 మందికి పైగా, ప్రతి యాప్‌ను కనీసము ఇరువురు వేర్వేరుగా చూతురు, వారమునకు వచ్చునవి క్రొత్తవియు, సవరించిన కూర్పులును గలిసి సుమారు 8,500, అందు నూటికి 20 వంతులు పంపిన రూపమున అంగీకరింపబడుట లేదు. లోతుగా యోచింపుడు: పాఠ్యక్రమము చెప్పక పరీక్షించుట ఏ విద్యాలయమునను న్యాయమనిపించుకొనదు. 2010 సెప్టెంబరులో పరీక్షానియమావళి మొట్టమొదటిసారి ప్రకటింపబడినది. నా దృష్టిలో 2008 నాటి ద్వారోద్ఘాటనముకంటె ఇదియే గొప్ప ఘటన, ఏలయన నాటినుండి తిరస్కృతుడైనవాడు నియమపు సంఖ్యను పేర్కొని ప్రత్యుత్తరము వ్రాయగల స్థితి కలిగెను.

స్టోరునకు పంపుటకు ముందు సంస్థలోని వారిచేతనే యాప్‌ను పరీక్షింపజేయుట ఆ కాలమున ఎంత శ్రమయో నేటి డెవలపర్లు ఊహింపలేరు. పరీక్షింపబోవు ప్రతి ఐఫోనునకును గల నలుబది అక్షరముల గుర్తింపు సంఖ్యను ముందుగా సేకరింపవలెను. ఫోనును కంప్యూటరునకు తగిలించి, ఐట్యూన్స్ తెరచి, సీరియల్ నంబరు మీద నొక్కిన తరువాతనే ఆ సంఖ్య కనబడెడిది. శాఖాధికారికో గుమాస్తాకో ఈ రహస్యమును ఫోనులో వివరించి, సంఖ్యను తప్పులేక ఈమెయిలులో రప్పించుకొని, దానిని ఆపిల్ పట్టికలో చేర్చి, మరల యాప్‌ను కట్టి పంపవలసియుండెను. ఏడాదికి నూరు ఫోనులకే అనుమతి. ఒక ఫోనును తొలగించినను ఆ ఏడాది గడచువరకు దాని స్థానము ఖాళీ కాదు. 2010 చివర వెలసిన టెస్ట్‌ఫ్లైట్ అను సేవ ఈ శ్రమను చాలవరకు తగ్గించెను. 2014 ఫిబ్రవరిలో దాని యజమాని సంస్థయైన బర్స్ట్‌లీని ఆపిల్ కొనెను. ఆ యేటనే వేయిమంది బయటి టెస్టర్లకు, తరువాతి కాలమున పదివేలమందికి, కేవలము ఆహ్వానముతో పరీక్షాప్రతిని పంపు వీలు కలిగెను.

గూగుల్ త్రోవ వేరు. 2008 అక్టోబరు 22న తెరువబడిన ఆండ్రాయిడ్ మార్కెట్టున (నేటి ప్లే స్టోరున) ప్రవేశరుసుము ఒక్కమారు 25 డాలర్లు. అప్పుడు ముందస్తు పరీక్ష లేకుండెను. సంస్థ తానే సృష్టించుకొనిన తాళపుచెవితో యాప్‌నకు సంతకము చేయుచుండెను. ఆ తాళపుచెవి 2033 అక్టోబరు 22 దాటువరకు చెల్లుబాటు కావలెనను నియమము, అంగడి తెరచిన దినమునుండి సరిగా 25 ఏండ్లను లెక్కించుచున్నది. ఆ తాళపుచెవి పోగొట్టుకొనిన సంస్థ తన యాప్‌నకే సవరణ పంపజాలక, అదే పేరుతో క్రొత్త యాప్ పెట్టి, పాత ఖాతాదారుల నందరిని మరల పిలుచుకొనవలసి వచ్చెడిది. ప్రతి యాప్‌ను మనుష్యులు కూడ పరిశీలించుచున్నారని గూగుల్ ప్రకటించినది 2015 మార్చిలో. తాళపుచెవిని తాను భద్రపరచు ఏర్పాటు చేసినది 2017లో.

ఆ 2017వ సంవత్సరమే సంస్థ నామమునకు గొప్ప గండము. అప్పటికి ఫలహారశాలలకు, వ్యాయామశాలలకు, చర్చిలకు ఒకే మూసలో యాప్‌లు పోసి, పేరును రంగులను మార్చి, తమ ఖాతానుండియే వందలకొలదిగా స్టోరునకు పంపు సంస్థలు వర్ధిల్లుచుండెను. ఒకే యాప్ వేయి పేర్లతో స్టోరును నింపుచున్నదని భావించిన ఆపిల్, మూసలతో తయారైన యాప్‌లను తిరస్కరించెదమని 4.2.6 సంఖ్యగల నియమమును చేర్చెను. ఇందువలన దెబ్బతినినవారు మూస అమ్మినవారు మాత్రమే కారు. సొంత డెవలపర్లను పోషించు శక్తి లేని చిన్న వ్యాపారులును. కాలిఫోర్నియానుండి ఎన్నికైన కాంగ్రెసు సభ్యుడు టెడ్ లియూ ఈ విషయమున ఆపిల్‌నకు లేఖ వ్రాసెను. డిసెంబరులో నియమము సవరింపబడినది: మూసతో చేసిన యాప్ అయినను, అందలి విషయమునకు యజమానియైన సంస్థయే తన ఖాతానుండి నేరుగా పంపినచో అభ్యంతరము లేదు. 2018 ఆరంభమున అమెరికాలోని లాభాపేక్షలేని సంస్థలకు, విద్యాసంస్థలకు, ప్రభుత్వ కార్యాలయములకు 99 డాలర్ల రుసుము మాఫీ అయ్యెను. యాప్‌ను ఎవరు నిర్మించిరన్నది కాదు, ఎవరి పేరున బాధ్యత నిలుచునన్నదే ముఖ్యమని ఈ సవరణము ఒప్పుకొనినది. అది ధర్మసమ్మతమైన సవరణమని నేను విశ్వసించుచున్నాను.

ఆ పేరును ధ్రువపరచు సాధనము మాత్రము చాల పాతది. సంస్థగా నమోదుకాగోరువారిని ఆపిల్ అడుగునదియు, 2023 ఆగస్టు చివరనుండి క్రొత్త సంస్థాఖాతాలను గూగుల్ అడుగునదియు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వారిచ్చు తొమ్మిది అంకెల డి-యు-ఎన్-ఎస్ సంఖ్య. ఆ సంఖ్య 1963లో పుట్టినది; దాని నిచ్చు సంస్థ వంశమూలము 1841లో న్యూయార్కున పట్టువర్తకుడు లూయిస్ టాపన్ స్థాపించిన మర్కంటైల్ ఏజెన్సీ. 1837 నాటి ఆర్థికసంక్షోభమున అప్పులు రాక నష్టపడిన ఆ వర్తకుడు, దూరప్రాంతపు కొనుగోలుదారుల నడవడిని ఊరూర గల విలేఖకులచే వ్రాయించి తెప్పించి, ఆ సమాచారమును తోడి వర్తకులకు అమ్మసాగెను. అట్టి విలేఖకులలో అబ్రహాం లింకన్ ఒకడు.

యంత్రపరీక్షలు ఎంత నిశితములైనను వానికి అందని మూలలుండునని 2018లో మన లిపియే చాటినది. ఐఓఎస్ 11.2.5 కూర్పు నడుచు ఐఫోనులలో, జకారమునకు ఞకారపు వత్తును దీర్ఘమును చేర్చి, నడుమ కంటికి కనబడని విభాజక సంకేతమొకటి పెట్టినచో, ఆ గుణింతము తెరపై పడినంతనే యాప్ కుప్పకూలెడిది; వాట్సాప్ వంటి ప్రసిద్ధ యాప్‌లకును ఈ దుర్గతి తప్పలేదు. వాని నిర్మాతల దోషము లేదు. అక్షరములను చిత్రించు మూలభాగముననే లోపముండెను. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో అది సరిదిద్దబడినది. తెలుగు ఖాతాదారులకై యాప్ చేయువారు సంయుక్తాక్షరములతో వేరుగా పరీక్షింపవలెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ప్రచురింపబడిన పేరు స్థిరమని తలపరాదు. 2020 సెప్టెంబరు 18న పేటీఎం యాప్ ప్లే స్టోరునుండి తొలగింపబడి అదే దినమున మరల చేరెను. 2024 మార్చి 1న రుసుముల వివాదమున భారత్ మ్యాట్రిమొనీ మున్నగు భారతీయ సంస్థల యాప్‌లు మాయమై, కేంద్ర ప్రభుత్వము కలుగజేసికొనిన పిమ్మట కొలది దినములలో తిరిగి వచ్చెను. ఈలోపుననే ప్లే స్టోరులోని వ్యక్తిగత ఖాతాలకు నూతన పరీక్ష వచ్చిపడినది: 2023 నవంబరు 13 తరువాత ఖాతా తెరచినవాడు 20 మంది టెస్టర్లను 14 దినములు ఎడతెగక నిలిపిన పిదపనే ప్రచురణకు అర్హుడు. 2024 డిసెంబరులో ఆ సంఖ్య 12కు తగ్గింపబడెను. సంస్థాఖాతాలకు ఈ నిర్బంధము లేదు. కనుక తొమ్మిది అంకెల సంఖ్య గల సంస్థ నేరుగా లోనికి పోవుచుండగా, సొంత పేరుతో ఖాతా తెరచిన చిన్న దుకాణదారుడు బంధుమిత్రులలో ఆండ్రాయిడ్ ఫోను గలవారిని పన్నెండుగురిని సమకూర్చుకొని, పదునాలుగు దినములపాటు వారిలో నొక్కరును మధ్యలో తప్పుకొనకుండ చూచుకొనవలసియున్నది.